ఊర్మిళ పేరు రాసిన సీసా

మార్చి 2

కోడలు ఈ పొద్దు చాయ్ వద్దంది. రోజుకు నాలుగుసార్లు తాగే పిల్ల. గ్లాసు ముక్కు దాకా తెచ్చుకుని, మూతి తిప్పుకుని, నా ముందుకు నెట్టింది.

"ఏందే, దాన్ల నేనేమన్న కలిపిన్నా?" అన్నాను.

"నువ్వేం కలపకున్నా వాసనొస్తుందత్తా."

అలా అడగడానికి కారణం ఉంది. ఊర్మిళ పెళ్ళయి మా ఇంటికి వచ్చిన మూడో రోజునే నేను దాని చాయ్‌లో చింతపండు పిసికాను. అది కళ్ళు మూసుకుని మొత్తం తాగేసి, "మస్తుందత్తా" అంది. మర్నాడు నా తలనూనెలో బెల్లం పాకం కలిపింది. రెండు రోజులు చీమలు నా కొప్పు చుట్టూ ఊరేగాయి. గోపాల్‌కు పెళ్ళాం కుదిరిందో లేదో కానీ నాకు జోడీ కుదిరిందని ఆ రోజే అనుకున్నాను.

ఈ రోజు చీరలకు రాళ్ళు అతికిస్తుంటే జిగురు వాసనకు రెండుసార్లు లేచిపోయింది. మధ్యాహ్నం కూర్చున్న చోటే నిద్రపోయింది. రవిక బిగుతైందని హుక్కు వదులు చేసుకుంది. గంటకోసారి మెట్లు దిగి సండాసుకు పోతోంది. నేను ఏడో తరగతితో ఆపేశాను కానీ ఇది చదవడానికి ఏడో తరగతి చాలా ఎక్కువ.

నేనుగా అడగలేదు. తనే చెప్పనీ, ఎంతసేపు దాచుతుందో చూస్తాను.

మార్చి 5

రెండు గీతలు.

మందుల దుకాణం నుంచి కడుపు చూసుకునే పట్టీ తెచ్చుకుని, పొద్దున్నే చూసుకుని, నాకే ముందు చూపించింది. "ఆయనకు నువ్వే చెప్పత్తా, నాకు సిగ్గు" అంది. నాతోనా చెప్పమనేది!

ఆ పట్టీని ప్లాస్టిక్ కవరులో చుట్టి గోపాల్ టిఫిన్ డబ్బాలో రొట్టెల కింద పెట్టాను. వాడు కార్ఖానాలో డబ్బా తెరిచి, జ్వరం చూసుకునే గొట్టమనుకుని, పక్క లూము మీద పనిచేసే ఒడియా అతనికి చూపించాడట. నలుగురు పిల్లల తండ్రి కాబట్టి అతను గుర్తుపట్టాడు. షెడ్డు షెడ్డంతా ఈలలు వేశారట. సాయంత్రం వాడు ఇంటికి వచ్చి, "అమ్మా, నువ్వు మనిషివేనా?" అని, తలుపు చాటున నిలబడ్డ ఊర్మిళను చూసి నవ్వలేక నవ్వాడు.

మార్చి 6

వియ్యపురాలు భాగ్యలక్ష్మి ఊరి ఆ చివరి ఉన్ బస్తీ నుంచి ఫోన్ చేసింది. షెడ్డులో ఎవరో ఎవరికో చెబితే ఆమెకు చేరింది.

"మూడు నెలలు నిండేదాక నోరిప్పొద్దని తెల్వదా వదినె? నలుగురి నోట్ల పడ్డది. ఏమన్నయితే?"

"ఏంగాదు వదినె. నీ నోట్ల పడకుంటే చాలు."

ఫోన్ పెట్టేసింది. నేను నవ్వాను. తర్వాత మిరపకాయలు, ఉప్పు తీసి కోడలికి దిష్టి తీశాను. నవ్వడం వేరు, దిష్టి తీయడం వేరు.

మార్చి 23

కక్కుతోంది. మంచినీళ్ళు తాగినా కక్కుతోంది. ఆవగింజంత అన్నం కూడా నిలవడం లేదు. ఎండు మామిడి ముక్క చప్పరిస్తే కాసేపు ఊరుకుంటుంది. బుగ్గలు లోపలికి పోయాయి.

ఏప్రిల్ 20

వాంతులు తగ్గాయి. మెడ చుట్టూ నల్లగా వచ్చింది, రుద్దితే పోయేది కాదు. బొడ్డు కింద నిలువునా ఒక గీత దిగింది. పడుగులో ఒక్క నల్లపోగు పడ్డట్టుంది. ఊర్మిళ అద్దం ముందు నిలబడి గొణుక్కుంటుంటే, "మగ్గం మీద నుంచి నేరుగా దిగినవే" అన్నాను. "నీ కొడుకే నేసిండు" అని తిప్పికొట్టింది. నా మీదకే!

సుభాషిణి కడుపుతో ఉన్నవాళ్ళకు ఇచ్చే మమతా కార్డు రాయించి ఇచ్చింది. ఆమె మా లింబాయత్ బస్తీలో మా సందు ఆశా కార్యకర్త. మనలాగే ఈ గుజరాతీ ఊరికి వచ్చిన జగిత్యాల పిల్లే. బీపీ బాగుంది, బరువు బాగుంది, రక్తం కొంచెం తక్కువ. మాత్రలు ఇచ్చారు.

జూన్ 5

కదిలింది!

మంచం మీద కూర్చుని పాలకూర తుంచుతూ ఉన్నపళంగా ఆగిపోయింది. "అత్తా, లోపట చేప తిరిగినట్లయింది." నా చెయ్యి పట్టుకుని పెట్టుకుంది. నాకు ఏమీ తెలియలేదు. "తెలిసింది తెలిసింది, నన్నే తన్నిండు" అన్నాను. అబద్ధమే. ఈ మాత్రం అబద్ధం ఎవరికి చెడు?

జూన్ 22

ఊర్మిళ ఈ రోజు నన్ను చంపినంత పని చేసింది.

పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి, చేతిలో గరిటె జారవిడిచి, గోడ వెంట జారి కింద పడింది. కళ్ళు తేలవేసింది. నేను పెట్టిన కేకకు సందులో ఉన్న ఆడవాళ్ళంతా వచ్చారు. ఒకరు ఉల్లిపాయ, ఒకరు చెప్పు, ఒకరు నీళ్ళ చెంబు. నేను దాని తల ఒళ్ళో పెట్టుకుని మా ఆయన పోయిన రోజు ఏడ్చినట్టు ఏడుస్తుంటే, ఒక కన్ను తెరిచి, "చింతపండు చాయ్‌కు జవాబిది" అంది.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, కానీ సాయంత్రం దాకా దాన్ని పొయ్యి దగ్గరికి పోనియ్యలేదు. ఇంకోసారి నా ముందు చచ్చినా నమ్మనని చెప్పాను. ఒట్టు కూడా పెట్టుకున్నాను.

జూలై 6

కాళ్ళకు నీరు దిగింది. మెట్టెలు వేలిలోకి దిగబడిపోయాయి. సబ్బు నురగ పెట్టి అరగంట తిప్పితే కుడికాలివి వచ్చాయి, ఎడమవి రాలేదు. వేలితో నొక్కితే గుంట పడి, పడ్డది పడ్డట్టే ఉంటోంది. గోపాల్ కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇలాగే వచ్చాయి. దీనికి ఎవరైనా భయపడతారా?

జూలై 21

పొద్దున లేచేసరికి ముఖం పూరీలా ఉంది. కళ్ళు రెండు గీతలు. "నూనెల నుంచి తీసిన్రా నిన్ను?" అన్నాను. నవ్వలేదు. ఈ మధ్య తొందరగా నవ్వడం లేదు. నెత్తి బరువుగా ఉందట.

జూలై 30, బుధవారం

ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఎంత నవ్వానో!

కడుపుతో ఉన్నవాళ్ళను చూసే రోజు, మమతా దివస్ అని పోయాం. చిన్న దవాఖాన, నలభై మంది కడుపులు, ఒకటే పంకా. సిస్టరు సీసా ఇచ్చి, దాని మీద ఊర్మిళ పేరు రాసి, మూత్రం పట్టుకు రమ్మంది. సండాసు తలుపుకు గొళ్ళెం లేదు, బయట బారు కట్టి ఆడవాళ్ళు. ఊర్మిళ రెండుసార్లు పోయి ఖాళీ సీసాతో వచ్చింది.

"వస్తలేదత్తా. పొద్దటిసంది సరిగ్గ వస్తనే లేదు."

సిస్టరు గుజరాతీలో అరుస్తోంది. తొందరగా కానివ్వండి, సీసా పెట్టనివాళ్ళను చివరికి పంపిస్తానంటోంది. ఇంటి దగ్గర రాఖీ ఆర్డరు చీరలు ఎనభై పడి ఉన్నాయి.

"ఇటు తే" అన్నాను.

"ఏంది?"

"సీసా తేవే. నాకు ఎప్పుడంటె అప్పుడొస్తది."

"అత్తా! దొరికితే?"

"దొరికితే ఏమైతది? నీ పేరు మీద నాకు కడుపని రాస్తరు. మీ మామ పోయి ఆరేండ్లాయె, లింబాయత్ లింబాయత్ అదిరిపోతది."

ఊర్మిళ చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఎన్నాళ్ళకు నవ్వింది! నేను పోయి సీసా నింపుకొచ్చి, పట్టుబట్టలా రెండు చేతుల మీద పట్టుకుని సిస్టరు బల్ల మీద పెట్టాను. ఆమె పసుపుపచ్చ పట్టీ ముంచి చూసింది. అంతకుముందు బీపీ చూసినప్పుడు నొసలు ముడిచి, నూట నలభై అని ఎవరితోనో అంది. పట్టీ చూశాక నొసలు విప్పింది.

"ఆల్బ్యుమిన్ నథీ, షుగర్ నథీ. బధుం సారుం ఛే." ఆ రెండూ లేవు, అంతా బాగుందంది. ఎండలో నడిచొచ్చారు, అందుకే బీపీ కొంచెం ఎక్కువుంది, వచ్చే బుధవారం మళ్ళీ రండి అంది. కార్డులో రాసింది.

దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చాం. "నీది సాఫుగుందత్తా, షుగరు గూడ లేదట" అని ఊర్మిళ. ఉచితంగా నాకు పరీక్ష అయిపోయింది.

ఆగస్టు 6, బుధవారం

పోలేదు. రాఖీ ఆర్డరు. పోయినవారమే బాగుందని రాశారు కదా.

ఆగస్టు 9

రాఖీ పున్నం. మార్కండేయ స్వామి ఊరేగింపు మా సందు ముందు నుంచి పోయింది. ఊర్మిళ చూడడానికి కూడా దిగలేదు. నెత్తి పగులుతోందని దుప్పటి కప్పుకుంది. డప్పుల చప్పుడు పడడం లేదట. ఊరేగింపులో పడి నేను కూడా పట్టించుకోలేదు.

ఆగస్టు 10

రాయి అతికించబోయి చీర మీద కాక చాప మీద అతికించింది.

"కండ్లు నెత్తికెక్కినయా?"

"మెరుస్తున్నయత్తా. మిణుగురుల లెక్క. కండ్ల ముంగట చమక్ చమక్ అంటున్నయ్."

"పొద్దంత రాళ్ళు చూస్తివి, గవే మెరుస్తయి మరి. పనెగ్గొట్టెటందుకు మస్తు మాటలు నేర్చినవు."

"సచ్చీ అత్తా."

"జూన్ల గూడ సచ్చీయే. గరిటె కింద పడేసి మరీ సచ్చినవు."

అది గోడకు ఒరిగి కళ్ళు మూసుకుంది. నేను కాసేపు చూశాను, ఒక కన్ను తెరుస్తుందేమోనని. తెరవలేదు. నిద్రపోయింది.

ఆగస్టు 12

సుభాషిణి వచ్చింది. ఇంటింటికీ పేర్లు రాసుకుంటోంది. ఊర్మిళ స్నానానికి పోయి ఉంది. మాటల్లో మాటగా అడిగాను, ఆ సీసాలో పట్టీ ముంచి ఏం చూస్తారని.

"పట్టీ పసుపుపచ్చగ ఉంటే మంచిది. ఆకుపచ్చగైతే మూత్రంల ఆల్బ్యుమిన్ పోతున్నట్టు. కడుపుతోని కొందరికి బీపీ ఎగజిమ్ముతది లింగవ్వా. కాళ్ళవాపు అందరికి ఉంటది. గని మొఖం వాచుడు, నెత్తి నొచ్చుడు, కండ్లల్ల మెరుపులు, మూత్రం తగ్గుడు, గివి ఉన్నయంటే ఒక్క పూట గూడ ఆగొద్దు. ఫిట్సొస్తయి. తల్లి దక్కది, పిల్ల దక్కది."

నేను చేతిలో ఉన్న చీర మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాను.

"ఊర్మిళకేం రంది లేదు తియ్" అంటూ కార్డు తీసి చూసింది. "బీపీ జర ఎక్కువున్నది గని మూత్రం సాఫుంది. రేపు బుధవారమే, తీస్కరా. చూస్తరు."

"ఆ, సాఫుంది" అన్నాను.

చెప్పాల్సింది అప్పుడే. నోటి దాకా వచ్చింది. సుభాషిణి నోరు మంచిదే, కానీ అది సందంతా తిరిగే నోరు. లింగవ్వ కోడలి సీసాలో తన ఉచ్చ పోసిందని రేపటికల్లా ప్రతి గడపా చెప్పుకుంటుంది. గోపాల్ విన్నాడంటే?

కార్డులో బాగుందని రాసి ఉంది.

ఆగస్టు 13, బుధవారం

పోలేదు.

ఊర్మిళ లేచి తయారవుతానంటే నేనే వద్దన్నాను. ఆదివారం భాగ్యలక్ష్మి వస్తుంది. ఏడో నెల ఒడి నింపి, పుట్టింటికి తీసుకుపోతుంది. కాన్పు అక్కడే. ఉన్‌లో కూడా దవాఖాన ఉంది, అక్కడ కొత్తగా అన్నీ చూస్తారు, కొత్త సీసా ఇస్తారు, దాని మూత్రం అదే పోసుకుంటుంది. ఏమైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నాలుగు రోజులే కదా.

ఇది మంచి ఆలోచనే.

ఆగస్టు 14

అన్నంలో ఉప్పు తగ్గించాను. కాళ్ళ కింద దిండు పెట్టాను. రాళ్ళ పని మాన్పించాను. ఊర్మిళ నా వంక అదోలా చూసి, "ఏం కలిపినవత్తా అన్నంల? ఇంత మంచిగ చూస్తున్నవంటే నాకు బుగులైతుంది" అంది.

ఆగస్టు 15

రాసిన పేజీ చింపేశాను.

ఆగస్టు 16

ఆగలేకపోయాను. పక్క సందులో కాక రైలు పట్టాల అవతల ఉన్న మందుల దుకాణానికి పోయి ఆ పట్టీలు తెచ్చాను. మధ్యాహ్నం ఊర్మిళకు ఒక డబ్బా ఇచ్చి, దీంట్లో పోసి తే అన్నాను.

"ఎందుకు?"

"ఆడపిల్లనో మొగపిల్లగాడో చూస్త. ఉప్పేస్తే తెలుస్తది."

నమ్మింది. నవ్వింది కూడా. చాలాసేపటికి కొంచెమే తెచ్చింది, చిక్కగా, కడుగునీళ్ళ రంగులో. కిటికీ గూటిలో రెండు గిన్నెలు పెట్టాను. ఒకటి దానిది, ఒకటి నాది. రెండు పట్టీలు ముంచాను.

నాది పసుపుపచ్చగానే ఉంది.

దానిది ఆకుపచ్చ. చూస్తుండగానే ఇంకా ముదిరింది. డబ్బా మీద రంగుల వరుసలో చివరి గడి.

కిటికీ వెలుగు సరిగా లేదు. దుకాణంలో పాత సరుకు ఇచ్చి ఉంటారు. మళ్ళీ ఒకటి ముంచాను. మళ్ళీ ఒకటి.

"ఏమొచ్చిందత్తా?" అని లోపలి నుంచి.

"ఇంక తెల్వలే" అన్నాను.

రేపు భాగ్యలక్ష్మి వస్తుంది. రేపు పొద్దున్నే గోపాల్‌కు చెబుతాను. వాడు షిఫ్టు నుంచి అలసిపోయి వస్తాడు, ఇప్పుడు చెబితే ఏం లాభం. రేపు ఖాయంగా.

ఆగస్టు 18

దవాఖాన వరండాలో కూర్చుని రాస్తున్నాను. నిన్నటిది.

పొద్దున చెప్పలేదు. భాగ్యలక్ష్మి తొమ్మిదింటికే దిగింది, ముగ్గురు చుట్టాలతో, స్వీటు డబ్బాలతో. ఊర్మిళకు ఆకుపచ్చ చీర కట్టారు. ఆ రంగే కట్టాలా? గాజులు చేతికి ఎక్కలేదు, వేళ్ళు అలా ఉబ్బి ఉన్నాయి. భాగ్యలక్ష్మి మురిసిపోయింది, "నా బిడ్డ ఒళ్ళు చేసింది, మంచిగ చూసుకున్నవు వదినె" అని. నన్ను ఆమె మెచ్చుకోవడం అదే మొదటిసారి.

పీట మీద కూర్చోబెట్టి, ఒడిలో కొంగు పరిచి, పసుపు కలిపిన బియ్యం పోయడం మొదలుపెట్టారు. భాగ్యలక్ష్మి ఐదు దోసిళ్ళు పోసింది. కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవిక గుడ్డ పెట్టింది. రెండో ఆమె పోసింది. మూడో ఆమె పోస్తుంటే ఊర్మిళ కుడి డొక్క మీద చెయ్యి పెట్టుకుని వంగింది.

"అమ్మా, ఈడ మండుతుంది. పొద్దటిసంది."

"ఆకలైతుంది, జర ఆగు బిడ్డా. అయిపోయింది."

ఊర్మిళ తలెత్తి నా వైపు చూసింది. నన్ను కాదు, నా పక్కన ఉన్న గోడను చూసింది.

"అత్తా, ఎక్కడున్నవు? నీ మొఖం సగమే కనవడుతుంది."

అప్పుడు అనేశాను. అందరి ముందు. "ఆ పొద్దు దవాఖానల సీసల పోసింది ఊర్మిళది కాదు, నాది. నాది చూసి బాగుందన్నరు. దీనిది మంచిగ లేదు. నిన్న చూసిన. దీన్ని ఇప్పుడే దవాఖానకు తీస్కపోవాలె."

అందరూ నవ్వారు. ఒకామె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. గోపాల్ కూడా, "అమ్మా, ఇయ్యాళ గూడనా? ఊకో" అన్నాడు.

"ఇయ్యాళన్న నీ నకరాలు బంద్ పెట్టు వదినె" అని భాగ్యలక్ష్మి నాలుగో ఆమెకు బియ్యం పళ్ళెం అందించింది.

ఇంకెన్ని మాటలు చెప్పినా నవ్వుతారు. నాకు తెలుసు, నేనే నేర్పాను వాళ్ళకు. పోయి ఊర్మిళ రెండు చేతులూ పట్టుకుని పీట మీద నుంచి లేపాను. ఒడి జారింది. పసుపు బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, అన్నీ నేల మీద, అందరి కాళ్ళ మీద.

నవ్వు ఆగిపోయింది.

నిండుతున్న ఒడిని నేలపాలు చేస్తే ఏమంటారో ఆ గదిలో ఉన్న ప్రతి ఆడదానికీ తెలుసు. భాగ్యలక్ష్మి మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో బియ్యం ఎత్తుతూ, "నా బిడ్డ ఒడి ఖాళీ చేసినవు, నీ చేతులు పడిపోను, నీ ఇల్లు మునుగ" అని అరుస్తోంది. నేను ఆ బియ్యం తొక్కుకుంటూనే ఊర్మిళను మెట్ల దగ్గరికి నడిపించాను. గోపాల్ వెనక నుంచి నా భుజం పట్టి తిప్పాడు, కొట్టడానికే అనుకుంటా. నా ముఖం చూశాడు. వాడు పుట్టిన దగ్గర నుంచి నా ముఖం అలా ఎప్పుడూ చూసి ఉండడు. ఏమీ అడగలేదు. కిందికి పరుగెత్తి, ఎక్కి కూర్చున్నవాళ్ళను దింపేసి ఆటో తెచ్చాడు.

పెద్ద దవాఖానలో బీపీ పట్టీ కట్టిన పిల్ల ఒకసారి చూసి, నమ్మక మళ్ళీ చూసింది. నూట ఎనభై, కింద నూట ఇరవై. చక్రాల కుర్చీలోనే ఊర్మిళ దవడ బిగిసింది. కళ్ళు తేలిపోయాయి. చేతులు కాళ్ళు కొట్టుకున్నాయి. జూన్‌లో వేసిన వేషంలో ఇలా ఏమీ లేదు. ఇది ఎవరికీ వేయడానికి రాదు.

లోపలికి తీసుకుపోయారు.

కాసేపటికి డాక్టరమ్మ కార్డు పట్టుకుని వచ్చింది. చిన్న పిల్ల, గోపాల్ వయసే ఉంటుంది. హిందీలో అడిగింది, పద్దెనిమిది రోజుల కింద ఆల్బ్యుమిన్ ఏమీ లేదని రాసి ఉంది, ఇప్పుడు నాలుగు ప్లస్సులు, మధ్యలో ఏం జరిగింది, ఏ మందు వేశారు, ఏం తినిపించారు అని.

"వో మేరా థా" అన్నాను, అది నాదని.

"క్యా?"

"సీసలది. ఇస్కా నై. మేరా థా."

ఆమె నవ్వలేదు. నా ముఖం వంక చూసి, జేబులో నుంచి పెన్ను తీసి, జూలై ముప్పై వరుస మొత్తం అడ్డంగా కొట్టేసి, పక్కన ఏదో రాసుకుని, లోపలికి పరుగెత్తింది.

వెనక్కి తిరిగితే గోపాల్. విన్నాడు. భాగ్యలక్ష్మి కూడా అప్పుడే ఆటో దిగి వచ్చింది, విన్నది. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నాకు దూరంగా పోయి కూర్చుంది. ఆమె జుట్టులో ఒక పసుపు బియ్యపు గింజ ఉంది.

కడుపు కోసి తీశారు. మగపిల్లవాడు. కిలో రెండువందలు. అద్దాల పెట్టెలో ఉన్నాడు.

ఆగస్టు 19

ఊర్మిళకు తెలివి రాలేదు. ఇంకోసారి ఫిట్సు వచ్చాయట.

గోపాల్ నాతో మాట్లాడడం లేదు. రొట్టె తెచ్చి బెంచీ మీద పెట్టి పోతున్నాడు. నేను ఉన్న బెంచీ మీదే పెడుతున్నాడు. అంతే.

ఆగస్టు 20

తెలివి రాలేదు.

పిల్లవాడిని అద్దంలో నుంచి చూపించారు. ఎర్రగా, నా అరచేయి దాటి రెండు వేళ్ళు ఎక్కువ ఉంటాడేమో. ముక్కులో గొట్టం. చెవి ఇంకా సరిగా విప్పుకోలేదు, ఆకులా తలకు అంటుకుని ఉంది. ఊపిరి తీస్తుంటే డొక్కలు లెక్కపెట్టొచ్చు. నర్సు ఏమీ చెప్పదు. "చూద్దాం మాసీ" అంటుంది. అందరికీ అదే చెబుతుంది.

ఆగస్టు 21

తెలివి వచ్చింది. పొద్దున పదింటికి నన్ను లోపలికి పంపారు. నన్నే ఎందుకంటే, భాగ్యలక్ష్మి అప్పుడే నీళ్ళకు కిందికి దిగింది, గోపాల్ రక్తం చీటీ పట్టుకుని పోయి ఉన్నాడు.

మంచం కిటికీ పక్కనే. ఎండ దాని ముఖం మీద పడుతోంది. పెదవులు చిట్లి ఉన్నాయి. నా అడుగుల చప్పుడుకు తల తిప్పింది.

"అత్తా?"

"నేనే బిడ్డా."

"లైటెయ్యి. చీకటున్నది."

నేను కిటికీ వంక చూశాను. దాని కళ్ళ వంక చూశాను. తెరిచే ఉన్నాయి. నేను కదలకుండా నిలబడ్డాను. ఇప్పుడు ఒక మూల పెదవి వంకర పోతుంది, ఇప్పుడు నవ్వుతుంది, ఇది నాకు జవాబు అంటుంది. అనాలి. అను ఊర్మిళా. నా తలలో బెల్లం పాకం కాదు నిప్పులు పొయ్యి, ఏమీ అనను.

"అత్తా, లైటెయ్యవా?"

చెయ్యి దాని కళ్ళ ముందు ఆడించాను. రెప్ప పడలేదు.

డాక్టరమ్మను పిలుచుకొచ్చాను. టార్చి వేసి చూసింది. బీపీ తలకెక్కినప్పుడు ఇలా అవుతుందట. చాలామందికి కొన్ని రోజుల్లో చూపు మళ్ళీ వస్తుందట. ఈమెకు ఎప్పుడు వస్తుందని అడిగితే, స్కానింగ్ చూడాలి, ఇప్పుడే చెప్పలేనంది. ఆమె పోయాక ఊర్మిళ దుప్పటి కింద చేతితో కడుపు తడుముకుంది. కట్టు తగిలింది. ఆగింది.

"తీసిన్రా?"

"తీసిన్రు. కొడుకు."

"ఉన్నడా?"

"ఉన్నడు. పెట్టెల పెట్టిన్రు. జర చిన్నగున్నడు."

"ఏడ్సిండా?"

"నేను ఇనలేదు. నర్సు ఏడ్సిండన్నది."

"ఎట్లున్నడు?"

చెప్పాను. ఎర్రగా ఉన్నాడని, ముక్కులో గొట్టం ఉందని, చెవి ఇంకా విప్పుకోలేదని, కాలి బొటనవేలు గోపాల్‌దిలా పక్కకు తిరిగి ఉందని, పొద్దున ఒకసారి చెయ్యి ఎత్తాడని. ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు. చెప్తుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

ఊర్మిళ పైకప్పు వైపు కళ్ళు తెరిచి పడుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే కొంగుతో తుడవబోయాను. నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా, గోళ్ళు దిగేలా.

"సీస సంగతి చెప్పినవా వాళ్ళకు?"

"చెప్పిన."

"మనిద్దరం నవ్వినం గదా అత్తా. నువ్వొక్కదానివే గాదు."

రెండో చేతితో దాని నుదుటి మీది జుట్టు వెనక్కి సర్దాను.

"ఒక్కటి అడుగుత. నిజంగ ఉన్నడా? నేను పండుకున్న గదా, చూస్తలేను గదా, ఏడుస్త అని చెప్తలేవు గదా?"

"ఉన్నడు బిడ్డా. ఒట్టు. నా కొడుకు మీద ఒట్టు."

అది నా చెయ్యి వదిలేసింది. మెల్లగా, కోపం లేకుండా.

"నువ్వు చెప్తే నిజమో నకరమో తెల్వదు అత్తా. గోపాల్‌ను పిలువు. ఆయన చెప్తే నమ్ముత."

వరండాలోకి వచ్చాను. వాడు చీటీ ఇచ్చి వచ్చి, తలుపు ఎదురుగా గోడకు ఒరిగి నిలబడి ఉన్నాడు. నాలుగు రోజుల తర్వాత నేను వాడి పేరు పెట్టి పిలిచాను. వాడు నన్ను చూడకుండానే లోపలికి పోయాడు. తలుపు దగ్గర నిలబడి విన్నాను.

"ఉన్నడు" అన్నాడు గోపాల్.

అప్పుడు ఏడ్చింది ఊర్మిళ.